ఫ్లెక్సీ తర్వాత, ముందు మిలిటరీ తాత ఇంటికి వెళ్లి రండి

మా మండలంలోని యువజన సంఘాల కుర్రాళ్లకు, డిగ్రీ కాలేజీ ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలకు,

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ,

ఆగస్టు 15కి మీరు సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ ఇంకా దించలేదు. పైన పెద్ద అక్షరాలతో ‘జై జవాన్’, మూలన తుపాకీ పట్టుకున్న సైనికుడి బొమ్మ, మిగతా జాగా అంతా మీ ఫొటోలే, నల్ల కళ్లజోళ్లతో సహా. ఆ సైనికుడి బొమ్మ ఇంటర్నెట్‌లోంచి దించారని చూస్తేనే తెలుస్తోంది, ఎందుకంటే వాడు వేసుకున్న యూనిఫాం మన సైన్యానిది కాదు. మొన్న దాని కిందే ఒక పెద్దాయన చేతిలో ప్లాస్టిక్ కవరుతో, కవరులో కాగితాలతో ఆటో కోసం చాలాసేపు ఎండలో నిలబడ్డాడు. 1971 యుద్ధంలో పనిచేసినాయన. మీలో సగంమందికి ఆయనెవరో తెలియదు. తెలిసినవాళ్లలో చాలామందికి కూడా క్యాంటీన్ సరుకు దగ్గరే తెలుసు, ఇంట్లో పెళ్లో ఫంక్షనో వస్తే ‘మిలిటరీ తాతని అడిగి రెండు బాటిళ్లు తెప్పించరా’ అంటారు చూడండి, ఆ వరకే.

మిమ్మల్ని తిట్టడానికి రాయడం లేదు. ఒక పని అడుగుదామని రాస్తున్నాను. నేను మండలం సెంటర్లో సీఎస్సీ, అంటే ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే కామన్ సర్వీస్ సెంటర్, నడుపుతాను కాబట్టి, ఇక్కడ మాజీ సైనికులూ వాళ్ల ఇంటి ఆడవాళ్లూ ఏ ఇబ్బందితో తిరుగుతున్నారో నాకు కొంచెం ఎక్కువే కనిపిస్తుంది. వేలిముద్ర పడక, ఓటీపీ రాక, ఫోను నంబరు మారిపోయి, కాగితాల్లో పేరు కలవక, ఎక్కడెక్కడో తిరిగి చివరికి నా బల్ల ముందుకు వస్తారు.

మన వైపు సైన్యం కొత్తేమీ కాదు. తాడేపల్లిగూడెం పక్కన మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి ఆ ఊరివాళ్లు సైన్యంలో చేరుతూనే ఉన్నారు, తాతా తండ్రీ కొడుకూ ముగ్గురూ యూనిఫాం వేసుకున్న ఇళ్లు అక్కడ ఉన్నాయి, యుద్ధాల్లో పోయినవాళ్లకు ఊళ్లోనే స్మారకం ఉంది. ఆ ఊరి పిల్లాడికి సైనికుడంటే ఎవరో ఉపన్యాసం చెప్పక్కర్లేదు, అరుగు మీద కూర్చున్న తాతే చెబుతాడు. మన ఊళ్లకు అంత చరిత్ర లేకపోవచ్చు. కానీ అరుగు మీద తాతలు మనకూ ఉన్నారు, ఇంటికొకరు కాకపోయినా ఊరికి నలుగురైదుగురు ఉంటారు.

వాళ్ల దగ్గర పెరిగిన పిల్లలు ఎలా ఉంటారో చూడాలంటే పొద్దున్నే నాలుగున్నరకు జూనియర్ కాలేజీ గ్రౌండుకు వెళ్లండి. మీలో కొందరు రోజూ వెళ్తారు, వెళ్లనివాళ్ల కోసం చెబుతున్నా. అక్కడ విజిల్ పట్టుకుని నిలబడేది రిటైరైన హవల్దారు గారు, పిల్లలందరికీ ‘సార్’. పూర్తి మార్కులు రావాలంటే పదహారు వందల మీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తాలి, తొమ్మిది అడుగుల గుంత దూకాలి, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ దాటాలి, పది పుల్లప్స్ తియ్యాలి, ఇప్పుడైతే వీటన్నిటికంటే ముందు ఆన్‌లైన్ పరీక్ష గట్టెక్కాలి. వీటికి సిటీల్లో అకాడమీలు వేలకు వేలు తీసుకుంటుంటే ఆయన పైసా తీసుకోడు. టైముకు రాకపోతే మాత్రం గ్రౌండు గేటు దగ్గరే నిలబెట్టేస్తాడు, ఎవరి కొడుకైనా సరే.

ఆయన దగ్గర తయారైనవాళ్లందరూ సెలెక్ట్ కాలేదు. ఎత్తు చాలక, చెవిలో ఏదో ఉందని, పరీక్షలో రెండు మార్కులు తగ్గి, వెనక్కి వచ్చినవాళ్లే ఎక్కువ. 2022 జులైలో గోదావరి వరద వచ్చినప్పుడు, భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటిన ఆ వారం, లంక గ్రామాల వైపు వాటర్ ప్యాకెట్లు, బియ్యం, పాలపొడి మోసినవాళ్లలో ఈ సెలెక్ట్ కాని బ్యాచ్ ఉంది. ఎవరూ పిలవలేదు. వాళ్లే ట్రాక్టరు మాట్లాడుకుని వెళ్లారు, ముసలివాళ్లను పడవల్లోంచి చేతుల మీద దించారు. సేవ చెయ్యండి అని సార్ వాళ్లకు ఎప్పుడైనా క్లాసు పీకాడా అంటే నేను వినలేదు. ఆయన చెప్పేదల్లా టైముకు రమ్మని, పక్కనవాడు పడితే వాణ్ణి లేపకుండా ముందుకు పరిగెత్తొద్దని. మిగతాది వాళ్లే నేర్చుకున్నారు.

ఇప్పుడు నేను అడిగే పని కూడా అలాంటిదే, కాకపోతే ఈసారి ఆ సార్ లాంటివాళ్ల కోసం.

చనిపోయిన సైనికుడిని మనం బాగానే గౌరవిస్తాం. 2020 జూన్‌లో చైనా సరిహద్దు గల్వాన్‌లో కర్నల్ సంతోష్‌బాబు చనిపోతే సూర్యాపేట సూర్యాపేటంతా రోడ్డు మీదకు వచ్చింది, ఏడాది తిరిగేసరికి అక్కడ విగ్రహం నిలబడింది, మహావీర చక్ర ఇచ్చారు. ఆయన చదివిన కోరుకొండ సైనిక్ స్కూల్లో ఇప్పుడు చదివే పిల్లలకు ఆ పేరు చెబితే చాలు. 2025 మేలో గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ (నాలుగేళ్ల స్కీములో చేరిన సైనికుడు) మురళీనాయక్ సరిహద్దులో చనిపోయినప్పుడు ఆ చిన్న తండాకు ఎంత జనం వచ్చారో టీవీల్లో మీరూ చూశారు. అవన్నీ చెయ్యాల్సినవే, తక్కువ చెయ్యడం లేదు. నేను అడిగేది బతికి తిరిగొచ్చినవాళ్ల గురించి. పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో చేసి, పెట్టె భుజాన వేసుకుని బస్సు దిగి, ఏ బ్యాంకులోనో ఏటీఎం దగ్గరో సెక్యూరిటీ గార్డుగా చేరి, ముసలైపోయి ఇంట్లో కూర్చున్నవాళ్ల గురించి. వాళ్లలో వంటవాళ్లున్నారు, డ్రైవర్లున్నారు, సిగ్నల్స్‌లో తీగలు లాగినవాళ్లు, నర్సింగ్ అసిస్టెంట్లు, క్లర్కులు ఉన్నారు. తుపాకీ పేల్చినవాడే సైనికుడనుకుంటే మన మండలంలో ముగ్గురో నలుగురో మిగులుతారేమో.

సరే, పని ఏమిటో చెబుతాను.

మాజీ సైనికులు, వాళ్లు పోయాక పెన్షన్ తీసుకునే భార్యలు, ఏడాదికొకసారి బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది. ఇంతకుముందు బ్యాంకుకు వెళ్లి మేనేజరుకు కనిపిస్తే సరిపోయేది, వాళ్లకు ఆ అలవాటే ఉంది. ఇప్పుడు చాలామంది పెన్షన్ స్పర్శ్ అనే పోర్టల్‌కు మారింది, ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పెన్షన్ల ఆఫీసు నుంచి నేరుగా ఖాతాలో పడుతుంది. పడుతున్నంతకాలం ఎవరికీ టెన్షన్ లేదు. ఆగిన రోజున ‘బ్యాంకుకు వెళ్తే మాకు సంబంధం లేదంటున్నారు బాబూ’ అంటూ వస్తారు, బ్యాంకువాళ్లు చెప్పింది నిజమే కూడా.

ఈ సర్టిఫికెట్‌కి ఇప్పుడు ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు, ఆండ్రాయిడ్ ఫోను ఉంటే మీరే ఇంటి దగ్గర చెయ్యొచ్చు. జీవన్ ప్రమాణ్ యాప్, దాంతోపాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్, రెండూ ఉండాలి. వేలిముద్రతో పెట్టుకోకండి, పొలం పనులు చేసిన వేళ్లకు గీతలు అరిగిపోయి ఉంటాయి, పది వేళ్లు పెట్టినా మెషీను తీసుకోదు, పెద్దాయన ఏదో తప్పు చేసినట్టు చేతులు పంచెకు తుడుచుకుంటూ నిలబడతాడు. ముఖం స్కాన్ పెట్టండి. వెలుతురు ఎదురుగా ఉండేలా కూర్చోబెట్టి, కళ్లజోడు తీయించి, రెప్ప వెయ్యమన్నప్పుడు వెయ్యమనండి, చెవుడు ఉంటే చేత్తో సైగ చెయ్యండి. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. పెన్షన్ ఎవరు ఇస్తున్నారు అనే దగ్గర పాత అలవాటు కొద్దీ బ్యాంకు పేరు ఎంచుకుంటే, సర్టిఫికెట్ అయిపోయిందని మెసేజ్ వస్తుంది, పెన్షన్ మాత్రం ఆగుతుంది, ఎందుకంటే అది వెళ్లాల్సిన చోటికి వెళ్లలేదు. స్పర్శ్‌కు మారినవాళ్లకు స్పర్శ్ అనే ఎంచుకోవాలి. నా దగ్గరకు వచ్చే కేసుల్లో ఈ ఒక్క పొరపాటువి చాలానే ఉంటాయి, చేసినవాళ్లు కూడా చదువుకున్న మనవళ్లే.

ఇంతకంటే కష్టమైంది పేర్ల గొడవ. అప్పట్లో సైన్యంలో చేరేటప్పుడు ఊరి కుర్రాడు తెలుగులో చెప్పిన పేరును హిందీ క్లర్కు తనకు వినిపించినట్టు ఇంగ్లిషులో రాసుకున్నాడు. పెళ్లయ్యాక భార్య పేరూ అంతే. డిశ్చార్జ్ బుక్కులో ఒక పేరు, పీపీవోలో, అంటే పెన్షన్ ఇస్తామని రాసిచ్చిన ఆర్డరులో, ఇంకో స్పెల్లింగు, ఆధార్‌లో మూడోది, పుట్టిన తేదీ దగ్గర ఉట్టి సంవత్సరం. ఆయన ఉన్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోరు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్‌కి ఆమె వెళ్తే, ఈ పేరు నీదేనని రుజువేమిటి అంటారు. అప్పుడు అఫిడవిట్లు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, అక్కడి నుంచి రికార్డు ఆఫీసు. రికార్డు ఆఫీసు కూడా ఏ దళమైతే ఆ దళానిది వేరు, ఈఎంఈ (సైన్యం బండ్లు, యంత్రాలు బాగుచేసే దళం) వాళ్లకు సికింద్రాబాద్, ఆర్టిలరీ వాళ్లకు నాసిక్, మద్రాస్ రెజిమెంటు వాళ్లకు వెల్లింగ్టన్. ఉత్తరాలు ఇంగ్లిషులో రావాలి, ఇంగ్లిషులో పోవాలి. ఆ ఇంట్లో చదువుకున్న పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, వాళ్లు వీడియో కాల్లో ‘అమ్మా కంగారు పడకు’ అంటారు, అమ్మ ఆ కవరు పట్టుకుని నా దగ్గరకు వస్తుంది.

ఇది ఆయన బతికుండగానే సరిచేయించుకోవాల్సిన పని. మీరు చెయ్యాల్సింది పెద్దదేం కాదు, ఇంటికి వెళ్లి డిశ్చార్జ్ బుక్కు, పీపీవో, ఆధార్, బ్యాంకు పుస్తకం నాలుగూ పక్కపక్కన పెట్టి, భర్త పేరు, భార్య పేరు, పుట్టిన తేదీ అన్నిట్లోనూ ఒకటే ఉన్నాయో లేదో చూడటం. తేడా ఉంటే రాసుకోండి. ఉత్తరం ఎలా రాయాలో నేను చూపిస్తాను. డిగ్రీ ఇంగ్లిషు చాలు దానికి, షేక్‌స్పియర్ అక్కర్లేదు.

ఇదంతా ప్రభుత్వం పని కదా అని మీలో ఒకరైనా అంటారు. అవును, ప్రభుత్వం పనే. జిల్లా ఆఫీసులో అడిగితే చేస్తారు కూడా. కానీ మోకాళ్లు పట్టేసిన మనిషి రెండు బస్సులు మారి జిల్లా కేంద్రానికి వెళ్లి అడగాలి కదా, ఆ అడిగేవాడు ఎవరు? మన దగ్గర ఆగిపోయేది సరిగ్గా ఆ మధ్య ముక్కే. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు సంగతీ అంతే. 2003 నుంచి మాజీ సైనికులకు ఆ వైద్యం ఉంది, అయినా మామూలుగా ముందు ఆ పథకం క్లినిక్‌కు, అంటే పాలీక్లినిక్‌కు వెళ్లి రిఫరల్ రాయించుకోవాలని తెలియక నేరుగా ప్రైవేటు ఆస్పత్రిలో చేరి, జేబులోంచి కట్టుకున్నవాళ్లు ఉన్నారు. ప్రాణం మీదకు వస్తే నేరుగా చేరొచ్చు, అప్పుడు ఆస్పత్రి నుంచి పాలీక్లినిక్‌కు వెంటనే కబురు వెళ్లాలి, ఆ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే తెలిసి ఉండాలి.

ఇళ్లకు వెళ్లేటప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకోండి, దీని మీద నేను మొండిగా ఉంటాను. ఎవరి ఆధార్ ఫొటోనీ మీ గ్రూపుల్లో తిప్పొద్దు. పాస్‌వర్డ్ మీ ఫోనులో దాచొద్దు. ఓటీపీ వస్తే పెద్దాయన చేతే చదివించి, అదెందుకో చెప్పి, ఆయన ఎదుటే కొట్టండి. లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేస్తామని ఫోన్లు చేసి పెన్షనర్ల ఖాతాలు ఊడ్చేస్తున్న దొంగలు ఉన్నారు, సైనికుడికి క్రమం తప్పకుండా పెన్షన్ పడుతుందని వాళ్లకూ తెలుసు. ఇంకా ఆ ఇంట్లో ఎవరైనా ఇప్పుడు సర్వీసులో ఉంటే, ఎక్కడున్నాడు, ఏ యూనిట్ అని అడగకండి, అడిగినా ఎక్కడా రాయకండి. సెల్ఫీ దిగాలనిపిస్తే దిగండి గానీ పని అయ్యాక, ఆయన సరే అంటేనే.

పని అయ్యాక వెంటనే లేచి వచ్చెయ్యొద్దు. ఒక అరగంట కూర్చోండి. విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం మీలో చాలామంది చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైన జలాంతర్గామి అది. అందులో తిప్పి చూపించేది రిటైరైన నేవీవాళ్లే. పొడవెంత, బరువెంత అనేది బోర్డు మీద చదువుకోవచ్చు, ఆ ఇరుకులో రోజుల తరబడి ఎలా పడుకున్నారో, స్నానం సంగతేమిటో మాత్రం అలాంటి బతుకు బతికిన మనిషి చెబితేనే మనకు ఎక్కుతుంది. మన ఊళ్లో అలాంటి మనుషులు టికెట్ లేకుండా దొరుకుతున్నారు. ‘ఎంతమందిని చంపావు తాతా’ అని మాత్రం అడగొద్దు. చిన్నపిల్లలు అడిగితే సరదాగా ఉంటుంది, మీరు అడిగితే ఆయన ఏం చెబుతాడు? లంగరులో, అంటే సైన్యం వంటశాలలో, ఏం వండేవాళ్లు, అన్నం దొరక్క రొట్టెలకు ఎన్నాళ్లకు అలవాటుపడ్డారు, హిందీ ఎలా నేర్చుకున్నారు, మొదటి సెలవుకు ఇంటికి రావడానికి ఎన్ని రైళ్లు మారారు, 56 ఏపీవో (సైన్యం పోస్టాఫీసు) అని అడ్రసు రాసిన ఉత్తరం చేరడానికి ఎన్ని రోజులు పట్టేది అని అడగండి. పెద్దావిణ్ణీ అడగండి, పిల్లాడు పుట్టాడని ఆయనకు ఎలా తెలిసిందో. మీ ఫోన్లో ఆయన అనుమతితో రికార్డు చేసి ఆ ఇంట్లోవాళ్లకే ఇవ్వండి. కొందరు ఏమీ చెప్పరు, బలవంతం చెయ్యొద్దు. 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో శాంతిసేనలో పనిచేసి వచ్చినవాళ్లు మన వైపూ ఉన్నారు, మన ఆగస్టు 15 సభల్లో దాని ఊసే రాదు, ఒకసారి మీరు అడిగి చూడండి, తర్వాత ఏ మందుపాతర కథా మీకు సినిమాలా అనిపించదు.

ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఏటా దత్తత గ్రామంలో ఏడు రోజుల క్యాంపు చేస్తారు. రోడ్డు ఊడ్చి, మొక్క నాటి, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగి, ఏడో రోజు బిర్యానీ తిని వస్తారు, నేనూ ఎన్‌ఎస్‌ఎస్సే చేశాను కాబట్టి తెలుసు. ఈసారి అందులో ఒక్క రోజు మాజీ సైనికుల ఇళ్లకు పెట్టించమని మీ ప్రోగ్రాం ఆఫీసరు గారిని అడగండి. 2023లో ‘నా భూమి నా దేశం’ అని పంచాయతీల్లో అమరుల పేర్లతో శిలాఫలకాలు పెట్టారు, మీ దత్తత గ్రామంలో ఉంటే అదీ చూడండి, పేర్లు సరిగ్గా ఉన్నాయా, ఎవరైనా మిగిలిపోయారా, దాని ముందు ఇప్పుడు ఎవరి బర్రె కట్టేసి ఉంది.

ఇంకొకటి తేదీ గురించి. జనవరి 14 మాజీ సైనికుల దినోత్సవం. స్వతంత్ర భారత సైన్యానికి మొదటి భారతీయ అధిపతి కరియప్ప గారు 1953లో ఆ రోజే రిటైరయ్యారు, 2016 నుంచి ఆ రోజును మాజీ సైనికుల పేరుతో జరుపుతున్నారు. మనకు అది భోగికో సంక్రాంతికో పడుతుంది, అందుకే మన వైపు ఎవరికీ గుర్తుండదు, కోడిపందేల హడావిడి ముందు అదెక్కడ నిలుస్తుంది. కానీ ఆలోచించండి, ఊరంతా ఊళ్లో ఉండేది ఆ మూడు రోజులే. హైదరాబాదు, బెంగళూరు కొడుకులూ కోడళ్లూ వస్తారు, సెలవు దొరికిన జవాన్లూ వస్తారు. పేర్ల గొడవ తేలాలంటే సంతకాలు పెట్టాల్సినవాళ్లందరూ ఒకేచోట దొరికే రోజు ఏడాదిలో ఇంకోటి లేదు. ముగ్గుల పోటీకి మైకు ఎలాగూ పెడతారు, అందులోనే ఊరి మాజీ సైనికులను పిలిచి ముగ్గులకు బహుమతులు వాళ్ల చేత ఇప్పించండి. శాలువాలు వద్దు, వాళ్ల ఇళ్లలో శాలువాలు చాలానే ఉన్నాయి.

మీరు ఇంకా గమనించారో లేదో, మాజీ సైనికుడంటే ఇకమీదట తాతే కానక్కర్లేదు. అగ్నివీరుల మొదటి బ్యాచ్ 2023 జనవరి ప్రాంతంలో శిక్షణ మొదలుపెట్టింది. నాలుగేళ్ల లెక్కన 2026 చివరి నుంచి వాళ్లు బయటకు రావడం మొదలవుతుంది, నలుగురిలో ఒకరికి మించి సైన్యంలో ఉంచుకోరు. స్కీము ప్రకారం వచ్చినవాళ్లకు సేవానిధి అని ఒకేసారి ఇచ్చే డబ్బు ఉంటుంది, పెన్షన్ ఉండదు, ఈసీహెచ్‌ఎస్ ఉండదు, మాజీ సైనికుడి హోదా కూడా ఉండదు. స్కీము మంచిదా చెడ్డదా అని నేనిక్కడ వాదించను, దానికి వ్యతిరేకంగా 2022 జూన్‌లో సికింద్రాబాద్ స్టేషన్లో జరిగిన ఆందోళన సంగతి మీకూ తెలుసు, ఒక కుర్రాడి ప్రాణం పోయింది. నేను చెప్పేది, వచ్చేది మీ క్లాస్‌మేట్లే అని. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే బస్సు దిగుతారు. పెళ్లిచూపుల్లో ‘పర్మనెంట్ కాదా’ అంటారు, ఊళ్లో ‘పంపించేశారంట’ అని చెవులు కొరుక్కుంటారు. ఆ మాట మీ నోటి నుంచి రాకుండా చూసుకోండి, గ్రౌండుకు తీసుకెళ్లి సార్ పక్కన నిలబెట్టండి, కింది బ్యాచ్‌కు వాళ్లు నేర్పుతారు.

నా సెంటరు శని, ఆదివారాలు మధ్యాహ్నం మూడు తర్వాత ఖాళీగానే ఉంటుంది. ఊరికి ఇద్దరు వస్తే చాలు, అందులో ఒకరు అమ్మాయి అయితే మంచిది, ఒంటరిగా ఉన్న పెద్దావిడ ఇంటికి వెళ్లడానికి. పని నేర్పడానికి ఒక పూట పడుతుంది. వచ్చేముందు మీ ఊళ్లో మాజీ సైనికులు, పెన్షన్ తీసుకునే ఆడవాళ్లు ఎవరెవరున్నారో పేర్లు రాసుకుని రండి, సర్పంచి గారి దగ్గర లిస్టు ఉండకపోవచ్చు, పోస్ట్‌మాన్‌ని అడిగితే టకటకా చెప్పేస్తాడు. ఫోన్లో కాస్త స్టోరేజి ఖాళీ చేసుకోండి, ఆ రెండు యాప్‌లూ పట్టాలి, మీ రీల్సు కొన్ని డిలీట్ అయినా దేశానికి పెద్ద నష్టమేమీ లేదు. ఛార్జర్ తెచ్చుకోండి, మా సెంటర్లో కరెంటు సంగతి మీకు తెలిసిందే.

ఇట్లు,
మీ సెంటర్లో సీఎస్సీ అన్న